రక్తంలో డీఎన్‌ఏ ముక్కలు: ఏ పరీక్ష దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

‘మీ అసలు వయసు 52, మీ శరీరం వయసు 47’ అని రాసిన కాగితం చేతికొస్తే ఎవరికి సంతోషం కలగదు? అంకెలు తారుమారైతే ఆ రాత్రి నిద్ర పట్టదు. సంతోషమైనా దిగులైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ 47ను దేన్ని కొలిచి తేల్చారు? ఎందుకంటే చేతి నరం నుంచి తీసిన అదే రక్తంలో కనీసం నాలుగు రకాల డీఎన్‌ఏ సమాచారం ఉంటుంది. ఒకటి, ప్లాస్మాలో కొట్టుకుపోతున్న డీఎన్‌ఏ ముక్కలు. రెండు, తెల్ల రక్తకణాల లోపల ఉన్న డీఎన్‌ఏ మీద ఏళ్ల తరబడి మారుతూ వచ్చిన మిథైల్ అనే రసాయన గుర్తులు. మూడు, ఆ కణాల క్రోమోజోముల కొసల్లో ఉండే టెలోమియర్ల పొడవు. నాలుగు, వయసు పైబడ్డాక రక్తకణాల్లో పుట్టుకొచ్చే జన్యుమార్పులు.

ప్రకటనల్లో మాత్రం ఇవన్నీ ‘డీఎన్‌ఏ రక్తపరీక్ష’ అనే ఒకే పేరుతో వస్తాయి. వీటిలో ఒకటి గంట కిందటి కబురు చెబుతుంది, మరొకటి దశాబ్దాల చరిత్ర చెబుతుంది. ఒకటి ప్రాణాలు కాపాడిన దాఖలాలున్న పరీక్ష, మరొకటి ఇంకా పరిశోధనశాల గడప దాటనిది. వీటి మధ్య ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఇది: ప్రశ్న ఎంత ఇరుకైతే డీఎన్‌ఏ ముక్కలు అంత కచ్చితంగా జవాబిస్తాయి. ‘నేను ఆరోగ్యంగా ఉన్నానా? ఎంత ముసలివాణ్ని అయ్యాను?’ వంటి విశాలమైన ప్రశ్నల దగ్గర తడబడతాయి. అందుకే పోలికను ఇరుకైన ప్రశ్నల నుంచి మొదలుపెడతాను.

ముక్కలు ఎక్కడివి?

రక్తాన్ని యంత్రంలో వేసి వేగంగా తిప్పితే కణాలు అడుగుకు దిగి, పైన లేత పసుపు ద్రవం తేలుతుంది. అదే ప్లాస్మా. అందులో కణాలకు బయట న్యూక్లియిక్ ఆమ్లాలు తిరుగుతున్నాయని 1948లోనే ఫ్రాన్స్‌లో మాండెల్, మెటె అనే ఇద్దరు పరిశోధకులు ప్రకటించారు. డీఎన్‌ఏ మెలికల నిచ్చెన రూపం తెలియడానికి ఇంకా ఐదేళ్లుంది. ఆ ప్రకటనను దశాబ్దాల పాటు పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

ఈ ముక్కలు చాలావరకు చనిపోయిన కణాల నుంచి వస్తాయి. కణం లోపల డీఎన్‌ఏ దారం ప్రోటీన్ ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. కణం చనిపోయేటప్పుడు ఎంజైములు ఉండకూ ఉండకూ మధ్య ఉన్న దారాన్ని తెంచేస్తాయి, ఉండను అంటిపెట్టుకున్న భాగం మాత్రం మిగిలిపోతుంది. అందుకే రక్తంలో దొరికే ముక్కల్లో ఎక్కువ భాగం ఇంచుమించు 167 డీఎన్‌ఏ అక్షరాల జతల పొడవుంటాయి. ఆ పొడవే, తెగిన చోటే, ఆ ముక్క ఏ కణంలో ఎలా చుట్టుకుని ఉండేదో చెప్పే ఆధారాలు. దాని మీది మిథైల్ గుర్తులు చదివితే కాలేయానిదా, రక్తనాళపు గోడదా అన్నది కూడా తేలుతుంది. 2018లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం ఆరోగ్యవంతుల ప్లాస్మాలో ఈ ముక్కల్లో సుమారు 55 శాతం తెల్ల రక్తకణాలవి, 30 శాతం ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాలవి, 10 శాతం రక్తనాళాల లోపలి పొరవి. కాలేయం వాటా ఒక శాతం దగ్గర ఉంటుంది.

ఇక్కడ రెండు అంకెలు గుర్తుంచుకోవాలి, తర్వాతి పోలికంతా వాటి మీదే నిలబడుతుంది. మొదటిది సమయం: ఈ ముక్కలు రక్తంలో నిమిషాల నుంచి ఓ రెండు గంటల లోపే సగానికి తగ్గిపోతాయి. అంటే మీరు చూస్తున్నది ఈ పూట జరిగిన కణాల చావుల లెక్క. రెండోది పరిమాణం: ఆరోగ్యవంతులలో ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో కొన్ని నానోగ్రాముల డీఎన్‌ఏ మాత్రమే ఉంటుంది. ఒక నానోగ్రాము అంటే మానవ జన్యుపటం సుమారు 300 ప్రతులు.

పరాయి డీఎన్‌ఏను వెతికే పరీక్షలు: వీటిని నమ్మవచ్చు

మీ రక్తంలో మీది కాని డీఎన్‌ఏ ఉన్నప్పుడు దాన్ని వేరుచేయడం సులువు. ఈ రంగం నిజంగా గెలిచింది ఇక్కడే. కణితులు రక్తంలోకి డీఎన్‌ఏ వదులుతాయని తెలిశాక, తల్లి కడుపులో పెరిగే పిండం కూడా అలాగే వదలవచ్చు కదా అని డెనిస్ లో అనే శాస్త్రవేత్తకు తోచింది. 1997లో ఆయన బృందం మగ శిశువులను మోస్తున్న తల్లుల ప్లాస్మాలో వై క్రోమోజోము భాగాలను చూపించింది. 2011 నాటికి అది గర్భిణుల పరీక్షగా వాడుకలోకి వచ్చింది.

గర్భం పది వారాలు దాటాక తల్లి ప్లాస్మాలోని ముక్కల్లో దాదాపు పదో వంతు మాయ నుంచి వచ్చినవే ఉంటాయి. 2015లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 15,841 మంది గర్భిణులను పరీక్షిస్తే, డౌన్ సిండ్రోమ్ ఉన్న 38 గర్భాలనూ ఈ పరీక్ష పట్టుకుంది. పాత పద్ధతి 30 మాత్రమే పట్టుకుంది. అంతకంటే ముఖ్యమైన తేడా పాజిటివ్ వచ్చినవారిలో కనిపించింది. పాత పద్ధతిలో పాజిటివ్ అన్న ప్రతి వందలో మూడు నాలుగు మాత్రమే నిజమైతే, కొత్త పద్ధతిలో సుమారు 81 నిజమయ్యాయి. అలాగని ఇది తుది నిర్ణయం కాదు. పాజిటివ్ వస్తే ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారించుకోవాల్సిందే. పిండం వాటా నాలుగు శాతం కంటే తక్కువగా ఉంటే ఫలితం నమ్మదగింది కాదు. నివేదికలో ఆ శాతం రాశారో లేదో చూడండి.

ఈ పరీక్షలోనే ఒక విచిత్రం బయటపడింది. కొందరు తల్లుల ఫలితాలు ఏ శిశువుకూ సాధ్యం కానంత గజిబిజిగా వచ్చాయి. 2024 చివర్లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో అలాంటి ఫలితాలు వచ్చిన 107 మందిని ఆపాదమస్తకం స్కాన్ చేసి చూస్తే, 52 మందిలో అంతవరకూ తెలియని క్యాన్సర్ కనిపించింది. శిశువు కోసం వెతికిన పరీక్ష తల్లి జబ్బును చెప్పింది. కాబట్టి ‘ఫలితం తేలలేదు’ అన్న మాట వస్తే, మళ్లీ రక్తమిచ్చి ఊరుకోకుండా ఎందుకు తేలలేదని డాక్టరును అడగాలి.

అవయవ మార్పిడి చేయించుకున్నవారి పరీక్ష కూడా ఈ కోవలోదే. దాత కిడ్నీ దెబ్బతింటుంటే దాని డీఎన్‌ఏ రక్తంలో పెరుగుతుంది. మొత్తం ముక్కల్లో ఒక శాతం దాటితే వైద్యులు అనుమానిస్తారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగేదాకా ఆగడం కంటే ఇది ముందుగా హెచ్చరిస్తుంది. తక్కువ అంకె వస్తే కొన్నిసార్లు సూదితో కిడ్నీ ముక్క తీసే బాధ తప్పుతుంది. ఈ రెండు పరీక్షల విషయంలో నాకు సందేహాలు తక్కువ, డాక్టరు చెబితే చేయించుకోండి.

క్యాన్సర్ ఉందని తెలిసినప్పుడు

ఇక్కడ ప్రశ్న కాస్త వెడల్పవుతుంది, అయినా ఇంకా అదుపులోనే ఉంటుంది. ఏ కణితి, అందులో ఏ జన్యుమార్పు అని ముందే తెలుసు కనుక ఆ అక్షరం కోసమే వెతకవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పును ప్లాస్మాలో చూసే పరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో అనుమతి ఇచ్చింది. సూదితో ఊపిరితిత్తిలోంచి ముక్క తీయడం ప్రమాదమనుకున్న రోగికి ఇది వరం. ఒక్కటి మరచిపోకూడదు: రక్తంలో మార్పు కనిపిస్తే ఉన్నట్టే, కనిపించకపోతే మాత్రం లేనట్టు కాదు. కణితి ఆ రోజు చాలినంత డీఎన్‌ఏ వదలకపోయి ఉండవచ్చు. అప్పుడు కణజాల పరీక్షకే వెళ్లాలి.

శస్త్రచికిత్స తర్వాత వాడే పద్ధతి నాకు మరీ నచ్చుతుంది, ఎందుకంటే అది మందును తగ్గించింది. 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రెండో దశ పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 455 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు పద్ధతిలో, మరో గుంపుకు రక్తంలో కణితి డీఎన్‌ఏ మిగిలిందా లేదా చూసి కీమోథెరపీ నిర్ణయించారు. మామూలు గుంపులో 28 శాతం మంది కీమో తీసుకుంటే, రెండో గుంపులో 15 శాతమే తీసుకున్నారు. రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి గుంపులో 92.4 శాతం, రెండో గుంపులో 93.5 శాతం. అంటే కీమో తీసుకునేవారు దాదాపు సగానికి తగ్గారు, నష్టమేమీ రాలేదు. పరీక్ష ఫలితం ఒక నిర్ణయాన్ని మార్చడమంటే ఇదీ.

క్యాన్సర్ ఉందో లేదో తెలియనప్పుడు

ఒక్క ట్యూబు రక్తంతో యాభైకి పైగా క్యాన్సర్లను పట్టేస్తామనే పరీక్షలున్నాయి. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ముందు ఒక చిన్న లెక్క. పది మిల్లీలీటర్ల రక్తంలో నాలుగు మిల్లీలీటర్ల ప్లాస్మా, మిల్లీలీటరుకు ఐదు నానోగ్రాముల డీఎన్‌ఏ అనుకుందాం. మొత్తం ఇరవై నానోగ్రాములు, అంటే ఆరు వేల జన్యుపట ప్రతులు. ఇప్పుడు చిన్న కణితి వాటా పదివేల ముక్కల్లో ఒకటి అనుకోండి. మీరు వెతికే ఆ ఒక్క అక్షరపు మార్పు ఆ ట్యూబులో ఉండకపోయే అవకాశమే ఎక్కువ. లేనిదాన్ని ఎంత గొప్ప యంత్రమైనా చూపించలేదు. అందుకే ఈ పరీక్షలు ఒక్క అక్షరాన్ని కాక జన్యుపటంలో వేల చోట్ల మిథైల్ గుర్తుల తీరును, లేదా ముక్కలు తెగిన తీరును చూస్తాయి. అలా చూసినా చిన్న కణితి దగ్గర చూపు మందగిస్తుంది.

గ్యాలెరీ అనే పరీక్ష మీద 2021లో వెలువడిన ఫలితాలు ఈ మాటే చెబుతాయి. నాలుగో దశ క్యాన్సర్లలో 90 శాతాన్ని అది పట్టింది, మూడో దశలో 77 శాతాన్ని, రెండో దశలో 40 శాతాన్ని, మొదటి దశలో 17 శాతం లోపు. దేన్ని ముందుగా పట్టుకుంటే ఎక్కువ మేలో, అక్కడే చూపు తక్కువ. తప్పుడు పాజిటివ్‌లు మాత్రం రెండు వందల మందిలో ఒకరికే, అది నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి.

అయినా ఆ ‘రెండు వందల్లో ఒకరు’ జనం మధ్యకు వచ్చేసరికి ఎలా మారుతుందో చూడండి. 2023లో వెలువడిన పాత్‌ఫైండర్ అధ్యయనంలో 50 ఏళ్లు దాటిన 6,621 మందిని పరీక్షించారు. 92 మందికి పాజిటివ్ వచ్చింది. వారిలో నిజంగా క్యాన్సర్ ఉన్నది 35 మందికి, మిగతా 57 మందికి లేదు. క్యాన్సర్ లేని ఆ 57 మంది తమకు లేదని తెలుసుకోవడానికి పట్టిన మధ్యస్థ కాలం 162 రోజులు. ఐదు నెలలకు పైగా గుండె చేతిలో పెట్టుకుని స్కాన్‌ల చుట్టూ తిరగడం. ఇంకో వైపు, ఆ ఏడాదిలో మొత్తం 121 మందికి క్యాన్సర్ బయటపడింది. అందులో ఈ రక్తపరీక్ష చెప్పినవి 35, మామూలు స్క్రీనింగ్ పద్ధతులు చెప్పినవి 38, మిగతావి లక్షణాలు వంటి వేరే దారుల్లో బయటపడినవి. కొత్త పరీక్ష పాతవాటికి తోడు కావచ్చేమో కానీ వాటి స్థానంలో కూర్చోలేదు. నెగటివ్ వచ్చింది కదా అని మామోగ్రామ్ మానేసేవారికి ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

ఒక్క క్యాన్సర్‌నే వెతికే రక్తపరీక్షలతో పోలిస్తే? పెద్దపేగు క్యాన్సర్ కోసం షీల్డ్ అనే పరీక్షకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది, 45 ఏళ్లు దాటి మామూలు ముప్పు ఉన్నవారికి. అది క్యాన్సర్లలో 83 శాతాన్ని పట్టింది. క్యాన్సర్‌గా మారబోయే ముదిరిన గడ్డలను మాత్రం 13 శాతమే పట్టింది. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ అయితే అలాంటి గడ్డను చూడటమే కాదు, అక్కడికక్కడే తీసేస్తుంది. అంటే ఒకటి జబ్బును కనిపెడుతుంది, మరొకటి జబ్బు రాకుండా ఆపుతుంది. అయినా కొలనోస్కోపీ పేరెత్తితేనే పారిపోయేవారు, మలపరీక్షకూ ఒప్పుకోనివారు ఇళ్లలో ఉంటారు. వారి విషయంలో నా మాట: చేయించుకోని కొలనోస్కోపీ కంటే చేయించుకున్న రక్తపరీక్ష మేలు. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ తప్పదని మాత్రం రక్తం ఇవ్వకముందే ఒప్పుకోవాలి.

వృద్ధాప్యం దగ్గరికి వచ్చేసరికి

ఇప్పుడు అసలు ఆకర్షణ. ముసలితనాన్ని రక్తంలోని డీఎన్‌ఏతో కొలవవచ్చా? ఇక్కడ పోటీలో ముగ్గురున్నారు. పిలవకపోయినా వచ్చిన నాలుగోవాడు ఒకడున్నాడు, చివరికి నేను ఓటు వేసేది వాడికే.

ముందు ప్లాస్మా ముక్కలు. వయసుతో ఇవి పెరుగుతాయన్నది నిజం. ఫిన్లాండ్‌లోని టాంపెరెలో తొంభై ఏళ్లవారి మీద జరిగిన ‘వైటాలిటీ 90+’ అధ్యయనంలో వారి ప్లాస్మాలో డీఎన్‌ఏ యువకుల కంటే ఎక్కువగా కనిపించింది. ఆ పెరుగుదల శరీరంలో రగిలే వాపుతోనూ, పెద్దవయసు బలహీనతతోనూ ముడిపడి ఉంది. 2019లో మరో బృందం యువకుల, డెబ్బైల్లో ఉన్నవారి, వందేళ్లవారి ముక్కలను పోల్చి, ప్రోటీన్ ఉండల వరుస ముద్ర వయసుతో మసకబారుతుందని చూపింది. యవ్వనంలో దారం ఉండల మీద పొందికగా చుట్టుకుని ఉంటుంది. ముసలితనంలో ఆ పొందిక సడలుతుంది, సడలిన సంగతి తెగిన ముక్కల్లో కనిపిస్తుంది.

ముక్కలు సాక్షులు మాత్రమే కాకపోవచ్చు కూడా. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి వచ్చిన డీఎన్‌ఏ బ్యాక్టీరియా వారసత్వం మోస్తుంది కనుక రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదని పొరబడి వాపు పుట్టించగలదు. యాభై దాటాక ఆ రకం ముక్కలు రక్తంలో పెరుగుతాయని 2014లోనే గమనించారు. చెత్త పెరిగితే వాపు, వాపు పెరిగితే ఇంకా కణాల చావు, ఇంకా చెత్త. ఈ విషవలయం నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఆలోచన.

ఆసక్తికరమైనదల్లా కొనదగింది కాదు కదా. ముక్కల ఆయుష్షు గంటలే అని మొదట్లో చెప్పాను. గట్టిగా పరుగెత్తి వచ్చి రక్తమిస్తే వాటి మోతాదు ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది, గంటల్లో మళ్లీ దిగిపోతుంది. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా అంతే. ఉదయం పరుగెత్తిన యువకుడు సాయంత్రం దాకా కుర్చీలో కూర్చున్న ముసలాయన కంటే ‘ముసలివాడు’గా తేలే ప్రమాదముంది. ఇంతవరకు మామూలు మనిషికి ఇంత ఉండాలని అందరూ ఒప్పుకున్న హద్దు కూడా లేదు. పరిశోధనకు రక్తమివ్వమంటే ఇవ్వండి. ఈ అంకె కోసం డబ్బు పెట్టకండి.

రెండో పోటీదారు ఎపిజెనెటిక్ గడియారం. ఇది ముక్కలను కాదు, తెల్లకణాల లోపలి డీఎన్‌ఏను చదువుతుంది. ‘జీవ వయసు’ చెప్పే పరీక్షల్లో ఎక్కువగా వినిపించే పేరు ఇదే. 2013లో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త 353 చోట్ల మిథైల్ గుర్తులను చూసి వయసును చెప్పగలిగాడు. అదే ఏడాది హన్నమ్ బృందం 71 చోట్లతో రక్తానికే ప్రత్యేకమైన గడియారం తయారుచేసింది. పుట్టినరోజు చెప్పడానికి డీఎన్‌ఏ ఎందుకు, ధ్రువపత్రం చాలు కదా అని ఎవరైనా అడగవచ్చు. అందుకే తర్వాతి తరం గడియారాలు వయసును వదిలి ఆరోగ్యాన్ని అంచనా వేయడం మొదలుపెట్టాయి: 2018లో ఫీనోఏజ్, 2019లో గ్రిమ్‌ఏజ్, 2022లో డునెడిన్‌పేస్. చివరిది న్యూజిలాండ్‌లో 1972-73లో పుట్టిన ఒకే ఊరి వెయ్యిమందిని దశాబ్దాల పాటు వెంటాడిన అధ్యయనం నుంచి వచ్చింది. ఎంత ముసలివాళ్లయ్యారని కాక ఎంత వేగంగా అవుతున్నారని అది అడుగుతుంది.

వేలమందిని పోల్చినప్పుడు ఈ గడియారాలకు విలువుంది. ఒక్క మనిషి దగ్గర మాత్రం చేయి వణుకుతుంది. ఒకే రక్త నమూనాను రెండుసార్లు కొలిస్తే పేరున్న గడియారాల్లోనే మూడు నుంచి తొమ్మిదేళ్ల దాకా తేడా రావచ్చని 2022లో ఒక బృందం చూపించింది, దాన్ని తగ్గించే లెక్క కూడా వారే ఇచ్చారు. మొదట్లో చెప్పిన ‘52కి 47’ ఐదేళ్ల తేడా. ఆ సంతోషం ఎంత పెళుసో ఇక మీరే చూడండి. ఇంకా ఉంది: 2023లో ఒక బృందం పెద్ద శస్త్రచికిత్స, గర్భం, తీవ్రమైన కోవిడ్ సమయాల్లో జీవ వయసు పెరిగి, కోలుకున్నాక మళ్లీ తగ్గడం గమనించింది. రెండేళ్లు తిండి తగ్గించి చూసిన ‘క్యాలరీ’ అనే అధ్యయనంలో డునెడిన్‌పేస్ రెండు మూడు శాతం నెమ్మదించింది, అదే మనుషుల్లో ఫీనోఏజ్, గ్రిమ్‌ఏజ్ మాత్రం చెప్పుకోదగినంత కదలలేదు. మూడు గడియారాలు మూడు వేళలు చూపిస్తుంటే రైలు ఎక్కేదెలా?

మూడోది టెలోమియర్ల పొడవు. 2009 నోబెల్ బహుమతి వల్ల పేరు మారుమోగింది. వయసుతో అవి కురచబడతాయి, నిజమే. కాని ఒకే వయసువారిలోనే తేడాలు విపరీతం, మామూలుగా వాడే పీసీఆర్ కొలతలో పొరపాట్లు మరీ ఎక్కువ, పైగా పొడవైతే మంచిదనడానికీ లేదు. చాలా పొడవైన టెలోమియర్లు కొన్ని క్యాన్సర్ల ముప్పు పెంచుతాయి. పుట్టుకతో టెలోమియర్లు కురచగా ఉండే అరుదైన జబ్బును అనుమానించినప్పుడు నిపుణుల ప్రయోగశాలలో చేసే పరీక్ష వేరు, అది అవసరమైనదే. మిగతావారు దీన్ని వదిలేయవచ్చు.

పిలవని నాలుగోవాడు మామూలు రక్తపరీక్ష. ఫీనోఏజ్ ఎలా పుట్టిందో తెలిస్తే మీకూ నవ్వొస్తుంది. ముందుగా ఆల్బుమిన్, క్రియాటినిన్, గ్లూకోజ్, సీఆర్‌పీ, లింఫోసైట్ల శాతం, ఎర్రకణాల సగటు పరిమాణం, ఆ పరిమాణాల్లో హెచ్చుతగ్గులు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, తెల్లకణాల సంఖ్య అనే తొమ్మిది మామూలు కొలతలకు అసలు వయసు కలిపి ఒక అంకె కట్టారు. ఆ తర్వాత డీఎన్‌ఏ గుర్తులతో ఆ అంకెను ఊహించడం గడియారానికి నేర్పారు. అంటే అసలు సరుకు ఏ చిన్న ప్రయోగశాలలోనైనా దొరుకుతుంటే, దాని నకలుకు ఎక్కువ ధర పెడుతున్నామన్నమాట. ఇంకో మాట, క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ సంగతి చూడాలని తెలుసు, గ్లూకోజ్ పెరిగితే ఏం చేయాలో తెలుసు. ‘జీవ వయసు 57’ అంటే ఏ డాక్టరు ఏ మందు రాస్తాడు? మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా కలిపితే నా దృష్టిలో అదే ఇప్పటికి అత్యుత్తమ వృద్ధాప్య పరీక్ష. చూడటానికి మెరుపుండదు, అంతే.

ఇక రక్తకణాల్లోని జన్యుమార్పులు. ఎముక మజ్జలో ఒక మూలకణం డీఎన్‌ఎంటీ3ఏ, టెట్2 వంటి జన్యువుల్లో మార్పు తెచ్చుకుని, మిగతావాటిని తోసుకుని తన సంతానాన్ని పెంచుకుంటుంది. డెబ్బై దాటినవారిలో పది శాతానికి పైగా ఇది కనిపిస్తుందని 2014లో తేలింది. రక్త క్యాన్సర్, గుండెజబ్బుల ముప్పు కొంత పెరుగుతుంది. దీనికోసం పనిగట్టుకుని పరీక్ష చేయించుకోమని నేను చెప్పను, కాని క్యాన్సర్ రక్తపరీక్ష చేయించుకునేవారు దీని గురించి తెలుసుకోవాలి. ఎందుకంటే ఈ కణాలు చనిపోయి ప్లాస్మాలోకి వదిలే ముక్కలు కణితి ముక్కల్లా కనిపిస్తాయి. 2019 నాటి ఒక అధ్యయనంలో క్యాన్సర్ లేనివారి ప్లాస్మాలో దొరికిన మార్పుల్లో 80 శాతానికి పైగా వారి తెల్లకణాల్లోనివే అని తేలింది.

రక్తం ఇచ్చే ముందు

పరీక్ష ఏదైనా, ప్లాస్మా ముక్కలను చదివేదైతే ట్యూబు సంగతి అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఉంచే మామూలు ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తాన్ని కొన్ని గంటల్లోపే యంత్రంలో తిప్పి ప్లాస్మాను వేరుచేయాలి. ఆలస్యమైతే తెల్లకణాలు ట్యూబులోనే పగిలి తమ డీఎన్‌ఏను కుమ్మరిస్తాయి. వెతికే ముక్క ఆ వరదలో కొట్టుకుపోతుంది. దూరం పంపాల్సి వస్తే కణాలను పగలనివ్వని ప్రత్యేక ట్యూబులుంటాయి. ముందు రోజు, ఆ రోజు కఠినమైన వ్యాయామం వద్దు. జ్వరం తగ్గి కొన్ని వారాలైనా కాకుండా జీవ వయసు పరీక్షకు వెళ్లకండి.

క్యాన్సర్ జన్యుమార్పులు వెతికే పరీక్షైతే, ప్లాస్మాతో పాటు తెల్లకణాలను కూడా విడిగా చదివి పోలుస్తారా అని అడగండి. పోల్చం అంటే వేరే ప్రయోగశాల చూసుకోవడం మంచిది, మీ వయసు అరవై దాటి ఉంటే మరీనూ. పాజిటివ్ వస్తే తర్వాతి స్కాన్ ఎవరు చేస్తారో, ఎన్ని రోజుల్లో చేస్తారో కూడా ఆ రోజే కాగితం మీద రాయించుకోండి. ఇన్ని చెప్పినా గడియారం పరీక్ష చేయించుకోవాలనే సరదా తీరకపోతే, ఒకే రోజు తీసిన రక్తాన్ని రెండు ట్యూబుల్లో రెండు పేర్లతో పంపించండి. తిరిగొచ్చిన రెండు వయసుల మధ్య ఎంత తేడా ఉందో, వచ్చే ఏడాది ఫలితంలో అంతకంటే చిన్న మార్పును లెక్కలోకి తీసుకోనక్కరలేదు.